పెద్ద జాతి కుక్కపిల్లకు క్రేట్ అలవాటు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంటాము. ఐదు రోజుల కిందట అరవై రోజుల వయసున్న లాబ్రడార్ మగపిల్లను తెచ్చుకున్నాము. పెద్దయ్యాక మళ్లీ కొననక్కర లేకుండా 48 అంగుళాల ఇనుప క్రేట్ కొని హాల్లో ఒక మూల పెట్టాము. మొదటి రాత్రి అందులో ఉంచి గడియ పెడితే పిల్ల చాలాసేపు ఏడ్చింది. చివరికి మా అత్తగారు లేచి, "పసిదాన్ని బోనులో పెట్టడం పాపం కాదా?" అని తలుపు తీసి పక్కలో పడుకోబెట్టుకున్నారు. అప్పటి నుంచి అది క్రేట్ దగ్గరికి కూడా రావడం లేదు, ఇల్లంతా మూత్రం చేస్తోంది. క్రేట్ నిజంగా అవసరమా, లేక మా అత్తగారు చెప్పిందే సరైనదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా మీ అత్తగారి మాటకే సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆ రాత్రి వరకు ఆమె చెప్పింది పూర్తిగా నిజం. తల్లి పొదుగునూ, తోబుట్టువుల ఒంటి వెచ్చదనాన్నీ వదిలి వచ్చిన రోజే, అంతకుముందు ఎన్నడూ చూడని ఇనుప చువ్వల మధ్య ఒంటరిగా పెట్టి గడియ వేస్తే, మనం దానికి ఏ పేరు పెట్టుకున్నా కుక్కపిల్లకు అది బోనే. క్రేట్ కొన్న ఇళ్లలో చాలామంది మొదటి రోజే చేసే పొరపాటు ఇది: తలుపు మూయడంతో మొదలుపెడతారు. తలుపు మూయడం ఈ మొత్తం శిక్షణలో చివరి పాఠం. అంతకుముందు నేర్పవలసినవన్నీ తలుపు తెరిచి ఉండగానే నేర్పాలి.

ఇక క్రేట్ అవసరమా అన్న ప్రశ్న. అది లేకుండా కూడా కుక్కలను చక్కగా పెంచినవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. అయినా మీ ఇంటి పరిస్థితిలో నేను క్రేట్‌నే సూచిస్తాను. కుక్కపిల్ల పుట్టిన మొదటి రెండు మూడు వారాలు తల్లి నాకితేనే మలమూత్రాలు విసర్జిస్తుంది. కాళ్లు నిలదొక్కుకున్నాక, దాదాపు మూడో వారం నుంచి, పడుకునే చోటు విడిచి కాస్త దూరం వెళ్లి విసర్జించడం మొదలుపెడుతుంది. పడక పాడుచేసుకోకూడదన్న ఆ సహజ స్వభావాన్ని ఆధారం చేసుకునే క్రేట్ శిక్షణ పనిచేస్తుంది. రెండో కారణం నిద్ర. ఈ వయసు పిల్ల రోజుకు పద్దెనిమిది గంటలకు పైగా నిద్రపోవాలి. పిల్లలూ, బంధువులూ, టీవీ చప్పుడూ ఉండే హాల్లో దానికి అంత నిద్ర దొరకదు, నిద్ర చాలని కుక్కపిల్ల విసుగుతో కనిపించిన చేతినల్లా కొరుకుతుంది. మూడోది, ఎదిగాక 30 కిలోల చుట్టుపక్కల తూగే కుక్కను రైల్లోనో కారులోనో తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు, ఆపరేషన్ తరువాత కదలకుండా ఉంచవలసి వచ్చినప్పుడు, చిన్ననాటి అలవాటు ఎంతగా ఆదుకుంటుందో నా బల్ల మీదికి వచ్చే కుక్కలలో తరచుగా చూస్తూ ఉంటాను. కాలి ఎముక విరిగిన ఒక లాబ్రడార్, క్రేట్ అలవాటు ఉన్నందువల్ల ఆరు వారాలు అందులో ప్రశాంతంగా పడుకుని కోలుకుంది. అదే దెబ్బతో వచ్చిన మరొకటి రెండో రోజే చువ్వల మీద ఎగబడి కట్టు ఊడదీసుకుంది.

మీరు కొన్న క్రేట్ పెద్దది. లాబ్రడార్ భుజం ఎత్తు సుమారు 55 నుంచి 62 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి సాధారణంగా 42 అంగుళాల పొడవు, 28 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉన్నది సరిపోతుంది. 48 అంగుళాలది జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ మగకుక్కలకు వాడుతారు. కొన్నది కొన్నారు, మార్చనక్కర లేదు. కానీ అంత చోటు ఉంటే పిల్ల ఒక మూల మూత్రం చేసి మరో మూల హాయిగా పడుకుంటుంది, మనం ఆధారపడదలచిన స్వభావం అక్కడే దెబ్బతింటుంది. ఈ తరహా క్రేట్లతో పాటు మధ్యలో తగిలించే అడ్డు జాలీ ఇస్తారు, అట్టపెట్టెలో వెతకండి. పిల్ల తల వంచకుండా నిలబడటానికి, చుట్టూ తిరగడానికి, కాళ్లు చాపి పక్కకు ఒరిగి పడుకోవడానికి సరిపడినంత వదిలి, మిగతాది జాలీతో మూసివేయండి. ఈ జాతి పిల్లలు వారం వారం కొలిచినట్టు పెరుగుతాయి కనుక రెండు వారాలకు ఒకసారి జాలీని వెనక్కు జరపవలసి వస్తుంది.

ఇప్పుడు శిక్షణ. మీ పిల్లకు క్రేట్ అంటే భయం పట్టుకుంది కాబట్టి దాన్ని కొత్త వస్తువులాగా మళ్లీ పరిచయం చేయాలి. హాల్లో ఉన్న మూల మార్చి, మీరందరూ ఎక్కువసేపు కూర్చునే చోటికి తీసుకురండి. అడుగున గోనెసంచి గానీ రబ్బరు చాప గానీ పరిస్తే అడుగు పెట్టినప్పుడల్లా రేకు పళ్లెం చేసే చప్పుడు ఆగుతుంది. పసిపిల్లలు బెదిరేది చాలావరకు ఆ చప్పుడుకే. తలుపు దానంతట అది మూసుకుపోకుండా వెనక్కు తీసి దారంతో కట్టేయండి. లోపల పాత నూలు చీరతో కుట్టిన పలుచని బొంత వేయండి. దాన్ని పిల్ల చింపి మింగుతున్నట్టు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయాలి, గుడ్డముక్కలు పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా తెస్తాయి.

మొదటి రెండు మూడు రోజులు పిల్లను ఎత్తి లోపల పెట్టకండి, వెనుక నుంచి తోయకండి. ఉడికించిన చికెన్ ముక్కలో, శాకాహారులైతే పనీర్ ముక్కలో, చిటికెన వేలి గోరంత చేసి గడప దగ్గర ఒకటి, లోపల ఒకటి, చివర ఒకటి వేసి దూరంగా కూర్చోండి. ముందు కాళ్లు మాత్రమే లోపల పెట్టి తిని వెనక్కు పరుగెత్తినా అది ఆ రోజుకు చాలు. భోజనం గిన్నెను మొదట క్రేట్ ముందు, తరువాతి పూట గడప లోపల, ఆ తరువాత ఇంకాస్త లోపలికి జరుపుతూ చివరి గోడ దాకా తీసుకువెళ్లండి. తనంతట తాను లోపలికి వెళ్లే సమయంలో ఒక మాట అనండి. "లోపలికి" అనవచ్చు, "పడక" అనవచ్చు. ఇంట్లో అందరూ ఒకే మాట అనడం ముఖ్యం. మీరు ఒకటి, అత్తగారు ఒకటి, పిల్లలు మరొకటి అంటే దానికి మూడూ అర్థం కావు.

పిల్ల జంకు లేకుండా లోపల నిలబడి తింటున్నప్పుడు మాత్రమే తలుపు దగ్గరకు వేయండి, గిన్నె ఖాళీ కాకముందే తీసేయండి. తరువాత తిన్నాక ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఐదు, పది. ఈ సమయమంతా పక్కనే కూర్చుని మీ పని మీరు చూసుకోండి, పిల్లతో మాట్లాడకండి. పది నిమిషాలు నెమ్మదిగా ఉండగలిగాక ఒక్క క్షణం వంటింట్లోకి వెళ్లి రండి, క్రమంగా ఆ క్షణాన్ని పెంచండి. మీరు కనిపించకపోయినా అరగంట పాటు పడుకుని ఉండగలిగిన రోజున, దాన్ని ఉంచి దగ్గరలోని దుకాణం దాకా వెళ్లి రావచ్చు. దీనికి ఒక పిల్లకు వారం పడుతుంది, మరో పిల్లకు నెల పడుతుంది. భయపడిన పిల్ల కనుక మీది కాస్త ఆలస్యం కావచ్చు, తొందరపడకండి.

రాత్రుల సంగతి వేరు, శిక్షణ పూర్తయ్యే దాకా రాత్రి ఆగదు కదా. ఈ కొన్ని వారాలు క్రేట్‌ను గానీ, అది ఇంకా అలవాటు కాకపోతే పైన తెరిచి ఉన్న లోతైన అట్టపెట్టెను గానీ, మంచం పక్కనే, మీ ఊపిరి వినిపించేంత దగ్గరలో పెట్టుకోండి. ఇక్కడ మీ అత్తగారి సాయం కోరుతున్నాను. పిల్ల కదిలినప్పుడు చేయి కిందికి జార్చి వేళ్లు వాసన చూడనిస్తే చాలు, అది చాలాసార్లు మళ్లీ నిద్రపోతుంది. రెండు నెలల పిల్ల పగలు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే గంటలే పగటి పరిమితి అని మేము ఉజ్జాయింపుగా చెబుతాము. నిద్రలో ఇంకాస్త ఎక్కువసేపు ఆగగలదు. పదకొండింటికి ఒకసారి, రెండున్నరకు అలారం పెట్టుకుని ఒకసారి, తెల్లవారుజామున ఐదున్నరకు ఒకసారి బయటికి తీయండి. అది ఏడ్చి లేపకముందే మీరు లేవడం వల్ల, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందన్న పాఠం అది నేర్చుకోదు. లైటు వేయకుండా, ఆడించకుండా, పని కాగానే తిరిగి పడుకోబెట్టండి. వారం తరువాత ఆ నడిరాత్రి అలారాన్ని పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ పోవచ్చు.

ఏడుపు వినిపించినప్పుడు తలుపు తీయాలా వద్దా అని ఇంట్లో గొడవ పడవద్దు. ఏడుపులో తేడాలు ఉన్నాయి. నిద్ర పట్టక ముందు సన్నగా మూలిగి, మధ్య మధ్య ఆగి, మళ్లీ మూలిగేది కాస్సేపట్లో తగ్గుతుంది; ఆగిన ఆ క్షణంలో తలుపు తీస్తే మౌనానికి ఫలం దక్కినట్టవుతుంది. నిద్రలోంచి లేచి అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా అరిస్తే అది మూత్రానికి పిలుపు, ఆలస్యం చేయకూడదు. గొంతు చించుకుని, రొప్పుతూ, చొంగ కారుస్తూ, చువ్వలను గోళ్లతో రక్కుతుంటే అది భయం. భయపడిన పిల్లను "ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అని వదిలేయమనే సలహాను నేను ఎన్నడూ సమర్థించను. అలా ఊరుకున్న పిల్ల అలసిపోయి ఊరుకుంటుంది, మరుసటి రాత్రి క్రేట్ చూడగానే పారిపోతుంది. ఈ తేడాలను మీ అత్తగారికి చెప్పి చూడండి. పిల్లల్ని పెంచిన చేయి కనుక ఇంట్లో అందరికంటే ముందు ఆమే పసిగట్టగలరని నా నమ్మకం.

ఇంట్లో మూత్రం చేయడానికి క్రేట్ ఒక్కటే మందు కాదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ఆగగానే, ఈ మూడు సందర్భాల్లో తప్పకుండా ఒకే చోటికి తీసుకువెళ్లాలి. టీకాల వరుస సుమారు పదహారు వారాల వయసు దాకా సాగుతుంది కాబట్టి అప్పటివరకు వీధికుక్కలు తిరిగే చోట కింద వదలవద్దు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ అక్కడి మట్టిలోనే కాచుకుని ఉంటుంది. బాల్కనీలో ఒక మూలనో, డాబా మీదనో చోటు చూపించండి; ఎత్తుకుని మాత్రం రోజూ కిందికి తీసుకువెళ్లి ఆటోలనూ మనుషులనూ చూపించండి, లోకాన్ని భయం లేకుండా నేర్చుకునే వయసు ఇదే. లోపల తప్పు జరిగితే ముక్కు నేలకు రాయడం, కొట్టడం, శిక్షగా క్రేట్‌లో పడేయడం చేయకండి. ఫినాయిల్ వాసన మన ముక్కుకు మూత్రపు వాసనను కప్పిపెడుతుంది గానీ కుక్క ముక్కుకు కాదు, పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకే పిల్లకు అది హానికరం. మూత్రపు వాసనను విరిచేసే ఎంజైమ్ ద్రావణం పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది, దానితో తుడవండి.

ఒక విషయం మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మన ఫ్లాట్లలోని నున్నని టైల్స్ మీద పెద్ద జాతి పిల్లలు క్రేట్ నుంచి ఉరికి వచ్చి కాళ్లు విరజిమ్ముకుని జారిపడుతుంటాయి. ఈ కుక్కల ఎముకల చివర్లలోని మెత్తని పెరుగుదల పొరలు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, తుంటి కీలు వదులయ్యే జబ్బు లాబ్రడార్లలో ఎక్కువ. క్రేట్ ముందు నుంచి బాల్కనీ దాకా జంపఖానా కింద జారని రబ్బరు చాప వేసి ఒక బాట పరచండి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఇద్దరమూ ఉద్యోగస్తులమే, ఉదయం తొమ్మిదికి వెళితే సాయంత్రం ఆరుకు వస్తాము. మూడు నెలల జర్మన్ షెపర్డ్‌ను తెచ్చుకోవాలనుకుంటున్నాము. క్రేట్ అలవాటు చేస్తే పగలంతా అందులో ఉంచవచ్చని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. తొమ్మిది గంటలు మూడు నెలల పిల్లను క్రేట్‌లో ఉంచడమంటే దాన్ని తన మూత్రంలో తానే పడుకునేలా చేయడం. ఆరు నెలలు నిండేదాకా పగలు ఒక విడతలో మూడు నాలుగు గంటలకు మించకూడదు, ఎదిగిన కుక్కకైనా పగలంతా క్రేట్ తగదు. గేటు దగ్గర పొద్దస్తమానం గొలుసుతో కట్టేసిన కుక్కను చూసి బాధపడేవారు కూడా, మెత్తని పరుపు వేసిన క్రేట్‌లో అదే పని చేస్తే గమనించరు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ఈ రెండింటినీ ఒకే చోట పేర్కొంటుంది: కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువును ఉంచడం, ఎప్పుడూ కట్టేసి లేదా మూసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా అందులో నేరాలే. స్వీడన్, ఫిన్లాండ్ దేశాలు ఇళ్లలో రోజువారీగా కుక్కను మూసిన క్రేట్‌లో ఉంచడాన్నే అనుమతించవు.

మీకు చేయగలిగినవి ఇవి. ఒక గదిలో గానీ వరండాలో గానీ కంచెలాంటి మడత జాలీతో ఆవరణ కట్టి, అందులో తలుపు తీసిన క్రేట్ ఒక పక్క, మూత్రానికి పళ్లెం మరో పక్క పెట్టండి. పదకొండుకూ రెండున్నరకూ ఎవరైనా మనిషి వచ్చి బయటికి తీసి, ఆడించి, తినిపించి వెళ్లే ఏర్పాటు చేసుకోండి. పక్కింటి పెద్దవారో, నమ్మకమైన పనిమనిషో కావచ్చు. మీలో ఒకరు మొదటి రెండు మూడు వారాలైనా సెలవు పెట్టగలిగితేనే శిక్షణ మొదలవుతుంది. ఇవేవీ కుదరకపోతే, మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఇప్పుడు కుక్కపిల్లను తెచ్చుకోకండి. మనుషుల వెంట ఉండి పని చేయడానికి తరతరాలుగా పెంచిన జాతి అది, ఒంటరితనాన్ని తట్టుకోలేదు.

ప్రశ్న: మా గ్రేట్ డేన్ ఆడపిల్లకు ఐదు నెలలు. క్రేట్‌లోకి సంతోషంగానే వెళుతుంది, తలుపు వేసినా ఏడవదు. కానీ బయట మూత్రం చేసి వచ్చిన అరగంటకే లోపల మళ్లీ చేసి, అందులోనే పడుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా అంతే. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఐదు నెలల ఆడపిల్ల అరగంటకోసారి మూత్రం చేస్తోందంటే మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, అలాంటప్పుడు ఎంత శిక్షణ ఇచ్చినా ఫలితం ఉండదు. శుభ్రమైన గిన్నెలో ఉదయపు మొదటి మూత్రం పట్టి రెండు గంటల్లోగా మీ పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి.

పరీక్షలో ఏమీ తేలకపోతే, ఆ పిల్ల ఎక్కడ పుట్టి పెరిగిందో గుర్తు చేసుకోండి. ఇరుకు పంజరంలో, ఎప్పటికప్పుడు శుభ్రం చేయని చోట మొదటి రెండు నెలలు గడిపిన పిల్ల మురికిలో పడుకోవడానికి అలవాటు పడిపోతుంది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మే చోటు శుభ్రంగా ఉందో లేదో కొనేవారు కళ్లతో చూడాలి. మీ పిల్ల అలా పెరిగినదే అయితే నిరాశపడకండి, కానీ కొంతకాలం మూసిన క్రేట్ వాడకం ఆపేయండి. నిద్ర ఒక చోట, మూత్రం మరో చోట అన్న తేడాను మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. గంటకోసారి బయటికి తీయండి, బయట పని పూర్తి కాగానే అక్కడే తినడానికి ఏదైనా ఇవ్వండి. లోపలి బొంత కూడా తీసేసి చూడండి, మెత్తని గుడ్డ మూత్రాన్ని పీల్చేస్తే తడి తెలియక కొన్ని పిల్లలు అందులోనే చేస్తాయి. ఇక గ్రేట్ డేన్‌కు చివరికి 54 అంగుళాల పొడవు, 45 అంగుళాల ఎత్తు ఉన్న క్రేట్ కావలసి వస్తుంది, అది చిన్న మంచమంత చోటు తీసుకుంటుంది. ఆ చోటు లేకపోతే క్రేట్ మానేసి ఒక గది మూలకు జాలీ గేటు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో కరెంటు పోతూ ఉంటుంది. నాలుగు నెలల రాట్‌వీలర్‌ను మధ్యాహ్నం క్రేట్‌లో ఉంచవచ్చా? పైన దుప్పటి కప్పితే చల్లగా, చీకటిగా ఉంటుందని విన్నాను.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ప్రాంతపు ఎండల్లో దుప్పటి కప్పకండి. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. రొప్పినప్పుడు వచ్చే తేమ కప్పిన గుడ్డలో నిలిచిపోతే ఆ ఉపాయం పనిచేయదు. నల్లని ఒంటి రాట్‌వీలర్‌కు ఇంకా కష్టం. దాని సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, 41 దాటితే ప్రాణాపాయం. అన్ని వైపులా గాలి ఆడే ఇనుప జాలీ క్రేట్‌నే వాడండి. ఎండ పడని గదిలో నేల మీద పెట్టండి, బరువైన నీళ్ల గిన్నెను పక్కకు తగిలించండి, లోపల సగం నేలను చాప లేకుండా వదిలేయండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో మనిషి లేకపోతే తలుపు మూయకూడదు. మెడపట్టీ, గొలుసు తీసేసిన తరువాతే లోపలికి పంపండి, చువ్వకు చిక్కుకుంటే ఉరి పడుతుంది. పెద్ద పెద్దగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతూ కనిపిస్తే చల్లని నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

దుప్పటి పనికొచ్చే రోజు ఒకటుంది. దీపావళి నాటికి మీ కుక్కకు క్రేట్ బాగా అలవాటై ఉంటే, లోపలి గదిలో కిటికీలు మూసి, క్రేట్‌ను మూడు వైపులా కప్పి, తలుపు మాత్రం తెరిచి ఉంచండి. టపాసుల చప్పుడు మొదలవగానే అది తనంతట తాను వెళ్లి అందులో ముడుచుకుంటుంది. ఆ సమయంలో బయటికి లాగకండి, మీలో ఒకరు పక్కనే కూర్చోండి.